ఐదు నక్షత్రాల దొరవారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఐదు నక్షత్రాల దొరవారి సముఖమునకు,

అల్లూరి సీతారామరాజు జిల్లా, అరకులోయ మండలంలో బడిపంతులుగా పనిచేస్తున్న తమ విధేయుడు నమస్కారములతో విన్నవించుకునేదేమనగా:

ప్రతి యాప్ పేరు కిందా వరసగా కొలువుదీరి మంచిచెడ్డలు తేల్చే అధికారం తమరిది. మా ఊళ్లో కొత్త ఫోను కొన్నవాడు తిన్నగా బడికొచ్చి, "మాస్టారూ, ఇందులో ఏటెక్కించమంటారు?" అంటాడు. నేను తమ వంక చూస్తాను. తమరు నాలుగున్నర చూపిస్తారు. పక్కదానికీ నాలుగున్నరే. పిల్లలందరికీ వందకి తొంభై వేసే పంతుల్ని మా శాఖవారైతే ఈపాటికి సంజాయిషీ అడిగేవారు.

చిక్కెక్కడుందంటే, తమకు ఆ మార్కులు వేసేవాళ్లంతా నిండు సిగ్నల్ కింద కూర్చున్నవాళ్లు. మాకు యాప్ సంగతి తేలేది శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు. ఒక్కో మలుపుకీ ఫోన్లో ఒక్కో గీత రాలిపోతుంది. ఆ తర్వాత కూడా పలికేదే మాకు యాప్, మిగతాదంతా బరువు.

నెగ్గినవీ ఉన్నాయి, కాదనను. విశాఖ–కిరండూల్ ప్యాసింజరు ఎక్కేవాళ్లందరికీ 'వేర్ ఈజ్ మై ట్రైన్' ఎక్కించాను. రైల్లో ఉన్నవాడి ఫోను ఏ టవరు దగ్గరుందో పసిగట్టి, ఇంటర్నెట్ లేకుండానే ఎక్కడున్నామో చెబుతుంది. బెంగళూరు కుర్రాళ్లు చేసిన ఆ సరుకును 2018లో గూగుల్ కొనేసుకుంది. బొర్రా దగ్గరి సొరంగాల్లో మాత్రం, టవరే అందనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది? 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ వచ్చేసిందని మాకు చెప్పేది ఒంటికి తగిలే చలిగాలే.

దారి చూపే యాప్‌లలో మ్యాపును ముందే ఫోన్లో దించుకోనిచ్చేవి తప్ప మిగతావి నేను చెప్పను. ఆ మిగతావాటిని నమ్మి వచ్చిన కార్లు గెడ్డ ఒడ్డున ఆగిపోతే, వెనక్కి తిప్పించే పని మా ఊరి కుర్రాళ్ల మీద పడుతోంది.

ఇక సంత. దీని గురించి కాస్త ఓపిగ్గా వినాలి. గోనెపట్టా మీద రాజ్మా పోసుకుని కూర్చున్న అమ్మ పక్కన, అట్టముక్కకి అంటించిన క్యూఆర్ కోడ్ రాయికి ఆనించి ఉంటుంది. పట్నం నుంచి వచ్చినాయన స్కాన్ చేస్తాడు. తెర మీద చక్రం తిరుగుతుంది. ఆయన ఫోను పైకెత్తుతాడు, నాలుగడుగులు పక్కకేస్తాడు, చింతచెట్టు కిందికెళ్లి మళ్లీ వస్తాడు. ఆవిడ సోలతో కొలిచి సంచిలో పోసేసి, ఆయన్నే జాలిగా చూస్తోంది. చివరికి, "పోన్లే బాబూ, వచ్చే సంతకి ఇద్దువు" అంది. ఆయన వచ్చే సంతకి రాడని ఆవిడకు తెలియదనుకోకండి. ఆ చెల్లింపు యాప్ కిందా తమరు మెరుస్తూనే ఉన్నారు. ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే అని తెచ్చారు. కాల్ కలిస్తే డబ్బు వెళ్తుంది. కాల్ కూడా కలవని చోట మేం వందనోటు అనే పాత పద్ధతినే వాడుతున్నాం. దానికి అప్‌డేట్ అక్కర్లేదు.

నా సొంత అవసరం ఇంకోటుంది. ఒకటో తరగతిలో చేరే పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. వాళ్లకీ నాకూ మధ్య మాట కలిపే యాప్ కోసం వెతికాను. గూగుల్ ట్రాన్స్‌లేట్ 2024లో ఒక్కసారే 110 భాషలు చేర్చుకుంది, అందులో కువి లేదు. కేంద్ర గిరిజన శాఖ 2025లో తెచ్చిన 'ఆది వాణి' మొదట సంతాలీ, భిలీ, ముండారీ, గోండీ భాషలతో బయల్దేరింది. తర్వాతి వరసలో చెప్పింది కుయి. కుయి కువికి చుట్టమే గాని కువి కాదు. కాబట్టి నేను చివరికి ఎంచుకున్నది ఫోనుతో పాటే వచ్చిన రికార్డరు. పిల్లల అవ్వలు గింజల పేర్లూ చెట్ల పేర్లూ చెబుతుంటే పట్టి ఉంచుకుని రాత్రి వింటాను. మధ్యలో కోడి కూస్తుంది, అవ్వ దాన్ని అదిలిస్తుంది, ఆ మాట కూడా నేర్చుకుంటాను. ఆ రికార్డరుకి తమ నక్షత్రం ఒక్కటీ లేదు.

యాప్‌లు అడిగే అనుమతుల సంగతి కూడా ఉంది. చీకట్లో కొండదిగేవాడికి టార్చి కావాలి. దానికి వాడెక్కడున్నాడో ఎందుకు? 2013లో 'బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్' అనే టార్చి యాప్ తన వాడకందార్ల ఆచూకీని ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. అప్పటికే దాన్ని కోట్లమంది దించుకున్నారు. ఒక్కరినైనా తమరు హెచ్చరించారా దొరా?

కావున మా ప్రార్థన: తమకు ఆరో తమ్ముణ్ణి ఒకణ్ణి నియమించండి. సిగ్నల్ పోయాక కూడా పనిచేసే యాప్ దగ్గరే అతను వెలగాలి. యాప్ తయారుచేసినవారు డముకు మలుపుల్లో బస్సులో కూర్చుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో దాన్ని తెరిచి చూపించాలి. అప్పుడే అతని సంతకం చెల్లాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కొండ బడిపంతులు

తా.క.: అర్జీ ముట్టినట్టు ఓటీపీ పంపే ఉద్దేశముంటే పది నిమిషాల గడువు మాకు చాలదు. సంతరోజు దాకా చెల్లేటట్టు పంపగలరు.