సగం బుల్‌డాగు, నిండు అల్లుడు

2023లో అప్పటి ముఖ్యమంత్రిని, మరో నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోయే మనిషిని ఒకే దెబ్బకు ఓడించిన ఊరు కామారెడ్డి. అంత గుండె ఉన్న జిల్లాలో ఇప్పుడు గేటు దగ్గర బుల్‌డాగు మూతి లేనిదే కొందరికి నిద్ర పట్టడం లేదు.

ఎల్లారెడ్డిలో మా బావ కొత్తిల్లు కట్టి, ముందు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు పెట్టించాడు. తర్వాత బోర్డుకు తగ్గ కుక్కను తెచ్చాడు.

“ఏం జాతి బావా?”

“బుల్‌డాగే. గని మిక్సు.”

దేంతో మిక్సో అమ్మినోడు చెప్పలేదు, ఈయన అడగలేదు. పాలల్లో నీళ్లు కలిస్తే వాడంతా వినిపించేలా కొట్లాడే మనిషి!

దొంగలు హడలాలని తెచ్చిన ఆ జీవి ఇల్లరికపుటల్లుడిలా ఏసీ కింద గురక పెడుతోంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతేనే లేస్తుంది. “కూసో” అంటే, ఆలోచించి చెప్తానన్నట్టు చూస్తుంది. పిల్లలంటే మాత్రం ప్రాణం. చెవులు పీకినా ఊరుకుంటుంది. (ఊరుకుంటుంది కదా అని పీకనిచ్చే పెద్దలకే బుద్ధి లేదు.)

ఇంగ్లండులో ఎద్దుల మీదికి ఉసిగొల్పడానికి పెంచిన వంశమిది. 1835లో చట్టం ఆ ఆటను మాన్పించింది. తర్వాత పెంపకందారులు దాని కోపం తగ్గించారు, పనిలో పనిగా ముక్కు కూడా తగ్గించారు. కుక్క రొప్పితేనే ఒంటి వేడి దిగుతుంది. చప్పిడి ముక్కుకు ఆ రొప్పడమే గండం. మన మే నెల ఎండలో మధ్యాహ్నం వాకింగుకు తీసుకెళ్తే ప్రాణమే పోవచ్చు. నిజాంసాగర్‌లో ఈత కొట్టిస్తానని బావ బయల్దేరితే అక్క అడ్డుపడింది. ఆమెదే తెలివి. ఆ పెద్ద తలకు, పొట్టి కాళ్లకు ఈత రాదు, మునకే వస్తుంది.

తిన్న కంచం తీయని బావ ఇప్పుడు రోజూ దాని మొఖం మడతలు తుడిచి ఆరబెడుతున్నాడు. తడి నిలిస్తే పుండ్లు పడతాయి మరి. దావత్‌లో మిగిలిన బిర్యానీ కూడా బంద్. ఉల్లిగడ్డ కుక్కకు విషం, ఒళ్లొస్తే ఊపిరికి చేటు.

2024 మార్చిలో కేంద్రం 23 జాతులను, వాటి సంకరాలను ప్రమాదకరమని నిషేధించమన్నది. అందులో అమెరికన్ బుల్‌డాగూ ఉంది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. బావ మాత్రం “ఢిల్లీనే భయపెట్టిన కుక్క” అని వాడలో చెప్పుకుంటున్నాడు. ఆ కుక్క ఇంగ్లీషుదో అమెరికాదో ఆయనకే తెలియదు.

కొనేవాళ్లు తల్లి కుక్కను చూపించమని అడగండి. అది శ్వాసకు అవస్థ పడుతుంటే పిల్లను తేకండి. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించండి, ఆపై ఏటేటా మర్చిపోకండి. కరెంటు బిల్లు భారమనుకుంటే వాడలోని కుక్కపిల్లనే తెచ్చుకోండి. ఈ ఎండలో పుట్టిందే, దొంగొస్తే మొరుగుతుంది. టీకా దానికీ తప్పదు.