ప్రైవసీ బాబాయ్

ప్రైవసీ బాబాయ్ ఫోనుకు బొట్టు ఉంటుంది. ప్రభుత్వం కంట పడకుండా ముందు కెమెరా మీద పిన్నిగారి స్టిక్కరు బొట్టుబిళ్ళ ఒకటి అతికిస్తారు. డల్లాస్‌లో ఉన్న మనవడు వీడియో కాల్ చేసినప్పుడల్లా "తాతయ్యా, మీ ఇంట్లో కరెంటు పోయిందా?" అని అడుగుతాడు. బాబాయ్ ఆ చీకట్లోంచే దీర్ఘాయుష్మాన్ భవ అంటారు. జిగురు ఆరిపోయినప్పుడల్లా పాత బిళ్ళ తీసి కొత్తది పెడతారు. వరలక్ష్మీ వ్రతం నాడు ఈ ఫోనుక్కూడా తాంబూలం ఇవ్వాలేమోనని పిన్నిగారి అనుమానం.

ఆయన ఎవరికీ సొంత బాబాయ్ కాదు. ఈ రకం మనిషి మియాపూర్‌లోనూ ఉంటాడు, విజయవాడ పటమటలోనూ ఉంటాడు, విశాఖ ఎంవీపీ కాలనీలోనూ ఉంటాడు. మా అపార్ట్‌మెంటుకు దక్కింది రాజమండ్రి సరుకు. ఖజానా శాఖలో రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్ళు ఊరందరి బిల్లుల్లో తప్పులు వెతికిన చూపు రిటైరయ్యాక ఖాళీగా ఉండలేదు. కొంతకాలం వంకాయల మీద నిలిచింది, తర్వాత కేంద్ర ప్రభుత్వం మీదికి మళ్ళింది. ప్రస్తుతం మా అసోసియేషన్‌కు ఆయనే అధ్యక్షుడు. కార్యదర్శి పోస్టుకు ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ బరువూ ఆయనే మోస్తున్నారు.

సాయంత్రం ఆరింటికి సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీ పడిందంటే ఉపన్యాసం మొదలైనట్టే. ఆ ఉపన్యాసాల్లో ఖరక్ సింగ్ కథ మాత్రం ఆయన నోటే వినాలి.

"ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకడున్నాడోయ్. బందిపోటు కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశాక ఊరుకోవాలా? ఊరుకోలేదు! హిస్టరీ షీటు తెరిచారు. ఇక రాత్రిళ్ళు వచ్చి తలుపు కొట్టడం. ఉన్నావా? ఉన్నాను బాబూ. పడుకో. మళ్ళీ కాసేపటికి దబదబ. పొరుగూరు వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళాలి." ఇక్కడ బాబాయ్ కుర్చీ చేతిమీద దబదబ కొట్టి చూపిస్తారు. పక్కనున్న కుక్క లేచి వెళ్ళిపోతుంది. "సుప్రీంకోర్టుకెక్కాడు. 1962. ఆరుగురు జడ్జీలు. రాత్రిపూట తలుపు కొట్టడం తప్పన్నారు, బాగానే ఉంది. మిగతా నిఘా ఉండనీండి, ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేదన్నారు. అప్పుడు ఒకాయన, అయ్యా, మీ మాట నేనొప్పుకోను, వ్యక్తిస్వేచ్ఛలో అదీ భాగమే అని విడిగా తీర్పు రాశాడు. ఎవరాయన? కోకా సుబ్బారావు గారు! ఏ ఊరు?"

ఏ ఊరో సెల్లార్లో పిల్లల సైకిళ్ళకు కూడా తెలుసు. అయినా మేమందరం "రాజమండ్రి" అనాలి. అంటాం. జస్టిస్ షా కూడా ఆయనతో ఏకీభవించారు కదా బాబాయ్ అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఆయన సంతకం పెట్టారంతే, ఆలోచన గోదావరిది" అని తేల్చేస్తారు.

కథకు ఫలశ్రుతి కూడా ఉంది. కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జస్టిస్ పుట్టస్వామి 2012లో, ఎనభై ఆరేళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. యాభై అయిదేళ్ళ కిందట సుబ్బారావు గారు ఒప్పుకోకుండా రాసిందే సరైనదన్నారు. మర్నాడే వినాయక చవితి కావడం బాబాయ్ దృష్టిలో యాదృచ్ఛికం కాదు. ఏటా ఆ తేదీకి పిన్నిగారి చేత పులిహోర చేయించి ఫ్లాటు ఫ్లాటుకూ పంచుతారు. పంచినట్టు రిజిస్టర్లో సంతకం, ఫోన్ నంబరు తీసుకుంటారు.

ఇక 304లో నలుగురు బ్యాచిలర్ కుర్రాళ్ళు అద్దెకుంటున్నారు. ఓ రాత్రి పదకొండు దాటాక వాళ్ళ తలుపు దబదబమంది. కళ్ళు నులుముకుంటూ తీస్తే ఎదురుగా బాబాయ్, చేతిలో టార్చి. "అందరూ ఉన్నారా? కొత్తవాళ్ళెవరైనా వచ్చారా? లేదు, ఊరికే." వాళ్ళలో ఒకడికి ధైర్యం ఎక్కువ. "అంకుల్, ఖరక్ సింగ్ కథ మీరే కదా చెప్పారు?" అన్నాడు. బాబాయ్ నొచ్చుకున్నారు. "అందుకేనయ్యా చౌకీదారును పంపకుండా నేనే స్వయంగా వచ్చాను" అన్నారు.

బంజారాహిల్స్‌లో 2022లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచినప్పుడు ఆయనకు వారం రోజులు నిద్ర లేదు. ఊళ్ళో కెమెరాలన్నీ ఒక్క గోడ మీద చూస్తారట, ఎక్కడ ఎవరు తుమ్మినా అక్కడ తెలిసిపోతుందట! ఆ నిద్రలేని రాత్రుల్లోనే మన అపార్ట్‌మెంటుకూ పదహారు కెమెరాలు ఉండాలనే ఆలోచన పుట్టింది. జనరల్ బాడీలో చట్టం చదివి వినిపించారు. వందమంది చేరే సంస్థల్లో కెమెరాలు తప్పనిసరని 2013 నాటి ప్రజాభద్రత చట్టం. మనది సంస్థ కాదు కదా అని 102 వారు నసిగితే, "మన గణపతి నిమజ్జనానికి వందమంది చేరరా?" అన్నారు. తీర్మానం నెగ్గింది.

ఆ పదహారూ ఇప్పుడు బాబాయ్ హాల్లో టీవీ మీద వస్తాయి. అంతకుముందు ఆ టీవీలో సీరియళ్ళు వచ్చేవి. పిన్నిగారు మొదట్లో గొడవ పెట్టారు గానీ, ఇందులో కథ త్వరగా నడుస్తుందని తెలిశాక ఊరుకున్నారు. 201 వారబ్బాయి ట్యాంకు వెనక సిగరెట్టు, 402కి వారానికి మూడుసార్లు బిర్యానీ, 105లో మామగారికీ అల్లుడికీ మాటల్లేకపోవడం, ఇవన్నీ మాకు మెయింటెనెన్స్ మీటింగుల్లో తెలుస్తుంటాయి. పోలీసు కెమెరాలకూ వీటికీ తేడా ఏమిటని ఒకసారి అడిగాను. బాబాయ్ జాలిగా చూశారు.

"అక్కడ చూసేవాడెవడో మనకు తెలీదు. ఇక్కడ చూసేది నేనే కదోయ్."

ఈ ఒక్క వాక్యంలో ఆయన రాజ్యాంగం మొత్తం ఉంది.

2021 లాక్‌డౌన్లో పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారని హైకోర్టుకు వెళ్ళిన ఎస్.క్యూ. మసూద్ అంటే బాబాయ్‌కి ఎనలేని గౌరవం. "మొహం మన సొంత ఆస్తి" అంటారు. డెలివరీ కుర్రాళ్ళు మాత్రం గేటు దగ్గర హెల్మెట్ తీసి, కెమెరాకేసి చూసి, పేరు చెప్పాకే లిఫ్టు దాకా రావాలి.

సాంకేతిక విషయాల్లో ఆయన పోరాటాలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా ముగుస్తాయి కనుక కొన్ని చాలు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టినప్పుడు బాబాయ్ సిగ్నల్‌కు వలస వెళ్ళారు. వెళుతున్నట్టు వాట్సాప్‌లో అందరికీ వీడ్కోలు సందేశం పెట్టారు. అక్కడ ఆయనా, పాలవాడూ తప్ప ఎవరూ లేరు. వారం తిరక్కుండా వచ్చేసి, వాట్సాప్ ఎంత ప్రమాదమో మాకు రోజూ ఉదయం ఆరింటికి వాట్సాప్‌లోనే పంపుతున్నారు. షాపులవాళ్ళు ఫోన్ నంబరు కోసం ఒత్తిడి చేయకూడదని 2023 మేలో కేంద్రం చెప్పింది. ఆ కత్తిరింపు బాబాయ్ చొక్కా జేబులో ఉంటుంది. సూపర్ మార్కెట్లో బిల్లు దగ్గర దాన్ని విప్పి చదువుతుంటే వెనక లైను ఉప్పు డబ్బాల దాకా పెరిగింది. బిల్లేసే అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "నంబరిస్తే పాయింట్లకు నలభై రూపాయలు తగ్గుద్ది సార్" అంది. తన నంబరిచ్చారు. అది పాయింట్లు తక్కువున్న నంబరని తేలితే పిన్నిగారిదిచ్చారు. నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళితే ప్రెషర్ కుక్కరు లక్కీ డ్రా కోసం పుట్టినరోజు, పెళ్ళిరోజు, నెలసరి ఆదాయం, ఇద్దరల్లుళ్ళ ఉద్యోగాలూ నింపి డబ్బాలో వేసి వచ్చారు. కుక్కరు రాలేదు గానీ, అప్పట్నుంచీ ప్లాట్లు అమ్మేవాళ్ళు పెళ్ళిరోజుకు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబుతున్నారు.

కొత్త ఫోన్లన్నిట్లో సంచార్ సాథీ యాప్ వేసి మరీ అమ్మాలని 2025 చివర్లో కేంద్రం ఆదేశించినట్టు బయటపడ్డప్పుడు బాబాయ్ నిరాహారదీక్ష ప్రకటించారు. కొద్దిరోజుల్లోనే, డిసెంబరు 3న, ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. దీక్షకు ముహూర్తం చూసేలోపే కారణం పోయిందని దిగులుపడ్డారు. ఆ యాప్ ఆయన ఫోన్లో అప్పటికే ఉంది. అంతకుముందెప్పుడో బస్సులో ఫోను పోతే దాన్ని వెతకడానికి వేసుకున్నారు. "నేను వేసుకోవడం వేరు, వాడు వెయ్యడం వేరు" అన్నారు. న్యాయంగా చెప్పాలంటే, ఈ ఒక్క విషయంలో ఆయన మాట సరైనదే.

ఆధార్ ఆయనకు ప్రాణం తీసే విషయం. 2022 మేలో ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వొద్దని ఆధార్ సంస్థ వారే ఒక ప్రకటన ఇచ్చారు. గోల రేగేసరికి రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు రోజులూ బాబాయ్ నడక మారిపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా ఇవ్వాల్సివస్తే మొదటి ఎనిమిది అంకెలు దాచిన కార్డే ఇస్తారు, దానిమీద అడ్డంగా "గ్యాసు నిమిత్తం మాత్రమే" అని తేదీ, వేళతో సహా రాస్తారు. రాత కింద ఫొటో కూడా మునిగిపోవడంతో గ్యాసు వాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు.

ఇంతటి మనిషి మా వాచ్‌మన్ కుటుంబం, పనిమనుషులు, డ్రైవర్లు, ఇస్త్రీ అతను, అందరి ఆధార్ జిరాక్సులూ తీసుకున్నారు. పన్నెండు అంకెలూ కనిపించేవి. వాటిని స్కాన్ చేసి, ఒక ఫైలుగా కుట్టి, "అందరి రికార్డు కోసం" అంటూ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో ఫ్లాట్లు అమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

వేలిముద్ర మిషను సంగతి వేరే చెప్పాలి. పనివాళ్ళు దానిమీద వేలుపెట్టి లోపలికి రావాలని పెట్టించారు. వాచ్‌మన్ భార్య మా బ్లాకులో ఆరిళ్ళు చేస్తుంది. ఆమె వేలు ఎప్పుడూ పడదు. రేషను షాపులోనూ పడదు గానీ అక్కడ కన్నైనా చూస్తారు. ఇక్కడ ఎర్ర లైటు వెలిగి కీచుమంటుంది. ఆమె గేటు దగ్గరే నిలబడుతుంది. బాబాయ్ దిగివచ్చి, తన కళ్ళతో ఆమెను చూసి, ఆమె ఆమేనని నిర్ధారించుకుని లోపలికి పంపుతారు. "నీ వేలికేమైందమ్మా?" అని ఒకరోజు విసుక్కున్నారు. "అరిగిపోయినయ్ సార్. మీ గిన్నెలు తోమే అరిగినయ్" అంది. బాబాయ్ మిషను కంపెనీ మీద ఫిర్యాదు రాశారు.

వాచ్‌మన్‌ది పాలమూరు. వాళ్ళ గది సెల్లార్లోనే, బాబాయ్ కుర్చీకి పదడుగుల దూరంలో. కొడుకు డిగ్రీ చివరి సంవత్సరం, లాసెట్‌కు తయారవుతున్నాడు. ఖరక్ సింగ్ కథను మేము వారానికోసారి వింటే, ఆ పిల్లాడు తలుపు చాటు నుంచి రోజూ విన్నాడు. ఓ సోమవారం ఉదయం తెల్లకాగితం మీద అర్జీ పట్టుకొచ్చాడు. మా అమ్మానాన్నల గురించి మీ దగ్గర ఏమేం సమాచారం ఉంది, ఎవరెవరు చూస్తున్నారు, ఎన్నాళ్ళుంచుతారు, తీసుకునేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నారో వాళ్ళకు తెలుగులో చెప్పారా అని, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పేరుతో అడిగాడు.

బాబాయ్ ముందు మురిసిపోయారు. "చూశావా, నా ఉపన్యాసాలు ఊరికే పోలేదు!" అని నాకు చూపించారు. రెండోసారి చదివాక కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆ చట్టం డిజిటల్ సమాచారానికేనబ్బాయ్, జిరాక్సు కాగితాలకు వర్తించదు" అన్నారు. "మీరు స్కాన్ చేసి గ్రూపుల పెట్టిన్రు గద సార్" అన్నాడు కుర్రాడు, చాలా వినయంగా.

రెండు రోజులు సాయంత్రం కుర్చీ పడలేదు. బీరువాలోంచి ఒక లావుపాటి ఫైలు బయటికొచ్చింది. సమాచార హక్కు చట్టం కింద ఆయన ఆయా ఆఫీసులకు పెట్టిన అర్జీలు, వాటికొచ్చిన తిరస్కారాలు అందులో ఉంటాయి. పైన ఎర్రసిరాతో "ప్రజాస్వామ్య హత్య" అని ఉంటుంది. ఆ తిరస్కారాలు ముందు పెట్టుకుని, ఒక్కోదాంట్లోంచి ఒక్కో వాక్యం ఏరుకుని, జవాబు తయారు చేశారు. భాష చూసిపెట్టమని నాకిచ్చారు. చూడ్డానికేమీ లేదు, ఖజానా శాఖ తెలుగు నిర్దుష్టంగా ఉంది.

"తమరి అర్జీ చేరినది. సదరు చట్టమునకు నియమములు 2025 నవంబరులో వెలువడినప్పటికీ, తమరు ఉదహరించిన బాధ్యతలు 2027 మే మాసము వరకు అమలులోనికి రానందున తమరి కోరిక అపరిపక్వముగా భావించడమైనది. మరియు కెమెరాల వివరములు భవన భద్రతకు సంబంధించినవి గనుక వెల్లడించజాలము. అదే చట్టము 15వ సెక్షను ప్రకారము పౌరులకు విధులు కూడా కలవనియు, పనికిమాలిన ఫిర్యాదులకు పదివేల రూపాయల వరకు జరిమానా కలదనియు గుర్తుచేయడమైనది."

కింద ఆయన సంతకం, కార్యదర్శి ముద్ర. ఆ కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: ఈ ఉత్తర్వుతో తృప్తి చెందనిచో 30 రోజులలోగా అధ్యక్షుల వారికి అప్పీలు చేసుకొనవచ్చును.