నాగలి లంగరు ఆత్మకథ

పడవ ముక్కున వేలాడే ఈ లంగరు తన సంగతి చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనదు. ఆకారం నాగలిది, పనీ నాగలిదే: మట్టిలోకి దిగి పట్టు చిక్కించుకోవడం. ఈ రకాన్ని 1933లో రూపొందించినది కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జి.ఐ. టేలర్. ద్రవాల ప్రవాహం మీద ఆయన పరిశోధన చాలామందికి తెలుసు. తెరచాప పడవ మీద నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల దాకా వెళ్ళొచ్చిన మనిషని తెలిసినవారు తక్కువ. లెక్కలు వచ్చినవాడూ, తడి తాడు లాగినవాడూ ఒకడే కావడం తన అదృష్టమని ఈ లంగరు నమ్మకం.

దాని కాపురం అమెరికా తూర్పు తీరాన, జార్జియాలో. వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై ఫ్లోరిడా దాకా సాగే ఇంట్రాకోస్టల్ జలమార్గం ఇక్కడ దీవుల చాటున, ఉప్పుగడ్డి పర్రల మధ్య మెలికలు తిరుగుతుంది. మన బకింగ్‌హాం కాలువలా ఇదీ తీరం వెంబడి దారే. పోటు మాత్రం వేరు. ఇక్కడ మామూలు రోజునే నీరు రెండు మీటర్లు లేస్తుంది, అమావాస్య పౌర్ణములకు రెండున్నర దాటుతుంది. కేప్ హాటెరస్ నుంచి ఫ్లోరిడా దాకా తీరం లోపలికి వంగి ఉంటుంది. దాని ముందు సముద్రం చాలా దూరం లోతు తక్కువ. ఆ ఒంపులోకి వచ్చిన పోటు పక్కలకు పోలేక పైకి లేస్తుంది. జార్జియా ఉన్నది సరిగ్గా ఆ ఒంపు నడుమన.

అందుకే బయల్దేరే వేళ పోటు చేతిలో ఉంటుంది. సవన్నాకు దక్షిణాన, వెర్నన్, ఒగీచీ నదుల మధ్య హెల్ గేట్ అనే ఇరుకు ఉంది. అక్కడ మేట వేస్తూనే ఉంటుంది. పడవ నడిపే భార్యాభర్తలిద్దరూ నీరు సగం లేచాక, ఇంకా లేస్తుండగానే పడవను ఆ ఇరుకు దాటించారు. పోటులో అడుగు తగిలితే కాసేపటికి నీరే ఎత్తి విడిపిస్తుంది. పాటులో తగిలిందా, మళ్లీ పోటు వచ్చేదాకా ఒరిగి పడుండాల్సిందే. దక్షిణానికి పోయేవాళ్ళు పసుపు త్రికోణం ఉన్న స్తంభాన్ని కుడికి, పసుపు చతురస్రం ఉన్నదాన్ని ఎడమకు ఉంచుకోవాలి. వాటి మీదే ఆస్ప్రే గద్దలు పుల్లలతో గూళ్ళు కట్టుకుంటాయి.

ఇరుకు పాయల్లో తెరచాప కన్నా ఇంజనుకే పని ఎక్కువ. సెయింట్ కేథరీన్స్ సౌండ్‌లోకి రాగానే సముద్రపు గాలి తగిలింది. చాప ఎత్తారు, ఇంజను ఆపారు.

పాటు బాగా తీసి బురద ఒడ్డు బయటపడ్డాక డాల్ఫిన్ల వేట మొదలైంది. నాలుగైదు కలిసి చేపల గుంపును ఒడ్డు వైపు తరిమాయి. ఒక్క ఉదుటున ముందుకు దూకితే లేచిన అల చేపలను బురద మీదికి విసిరేసింది. వాటి వెంటే డాల్ఫిన్లూ జారుకొచ్చి, సగం ఒళ్ళు నీటి బయట పెట్టి, గిలగిల కొట్టుకునే చేపలను ఏరుకు తిని వెనక్కి జారిపోయాయి. ఇలా వేటాడేటప్పుడు అవి దాదాపు ఎప్పుడూ కుడి పక్కకే ఒరుగుతాయి. పిల్లలు తల్లుల వెంట తిరిగి నేర్చుకునే విద్య అది.

సాయంత్రం వాల్‌బర్గ్ క్రీక్‌లో లంగరు దించారు. పక్కనే సెయింట్ కేథరీన్స్ దీవి. 1985లో పరిశోధన కోసం తెచ్చి వదిలిన లెమూర్ల సంతతి అక్కడి చెట్ల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఇక లంగరు పని. పాటు వేళ లోతు మూడు మీటర్లు, నీటి పైన పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు. ఈ నాలుగుకే ఏడు రెట్లు కట్టి 28 మీటర్ల తాడు వదిలి నిద్రపోయేవాళ్ళున్నారు. అర్ధరాత్రికి రాబోయే రెండున్నర మీటర్లు కలిపితే ఆరున్నర. దానికి ఏడు రెట్లంటే 45 మీటర్లు దాటాలి. తాడు పొట్టిదైతే లాగుడు పైకి వస్తుంది, నాగలి మొన లేచి బురదను వదిలేస్తుంది. పొడవుంటే తాడు చివరి గొలుసు అడుగున పరుచుకుని లాగుడు అడ్డంగా సాగుతుంది, మొన ఇంకా లోతుకు దిగుతుంది. ఆమె తాడు మీది రంగు గుర్తులు లెక్కపెడుతూ 46 దాకా వదిలింది. అతను ఇంజను వెనక్కి నడిపి పట్టు చూశాడు.

రాత్రి పోటు తిరిగింది, పడవ తిరిగింది, లంగరూ బురదలోనే మొహం తిప్పుకుని మళ్లీ నాటుకుంది. పొద్దున పైకి లాగితే గొలుసు సందుల నిండా నల్ల బురద, గంధకం కంపు. బకెట్లతో కడిగారు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. దక్షిణాన లిటిల్ మడ్ రివర్ ఇంకా లోతు తక్కువ, అక్కడికీ నీరు లేస్తుండగానే చేరాలి. పట్టికలో వేళ చూసుకున్నారు. కాఫీకి టైముంది.