నాగార్జునుడి ఆయుష్షు ఖాతా

ఒకే పేరు గల ఇద్దరు ప్రముఖులు వేర్వేరు కాలాల్లో ఎదురైనప్పుడు వారిని విడదీయడం శ్రమ గనుక, ఇద్దరినీ కలిపి ఒక్క మహాపురుషుణ్ణి చేసి, మధ్యలో మిగిలిన శతాబ్దాలను ఆయన ఆయుష్షు ఖాతాలో జమకట్టే పద్ధతి ఒకటి తెలుగునాట వర్ధిల్లుతోంది. ఈ పద్ధతికి అన్నివిధాలా అనువుగా దొరికినవాడు నాగార్జునుడు. క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతంలో మాధ్యమికాన్ని, అంటే ఏ వస్తువుకూ తనదంటూ స్వతంత్ర స్వభావం లేదనే బౌద్ధ దర్శనాన్ని, ప్రతిపాదించిన తాత్త్వికుడు ఒకరు. పాదరసంతో లోహాలను బంగారం చేయజూసే రసవాదంలో పేరుమోసిన సిద్ధుడు మరొకరు. సుశ్రుత సంహితను సంస్కరించినవాడని వ్యాఖ్యాత డల్హణుడు పేర్కొన్న వైద్యుడు ఇంకొకరు. సభావేదికలపై మాత్రం ముగ్గురూ ఒక్కరే. ఎవరైనా సందేహిస్తే, ఆచార్యుడు 600 ఏళ్లు జీవించాడని టిబెట్ సంప్రదాయం చెప్పలేదా అని జవాబు సిద్ధంగా ఉంటుంది.

చిక్కేమిటంటే ఆ 600 కూడా చాలవు. తాత్త్వికుడి గ్రంథాన్ని 5వ శతాబ్ది ఆరంభానికే కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చాడు. సోమనాథ్ దగ్గరి దైహక్ కోటకు చెందిన రసవాది నాగార్జునుడు తనకు సుమారు నూరేళ్ల ముందువాడని 1030 ప్రాంతంలో అల్‌బెరూనీ రాశాడు. ఎంత ఉదారంగా కూడినా ఖాతాలో నూరేళ్లకు పైగా లోటు తేలుతుంది, దాన్ని పూడ్చే పాదరసం ఇంకా దొరకలేదు. అయినా ఈ తర్కమే నిలిచేటట్లయితే, 1959లో పుట్టి నేటికీ కథానాయకుడిగానే కనిపిస్తున్న అక్కినేని నాగార్జునను జాబితాలోంచి తప్పించడం అన్యాయం. రసాయన సేవనానికి ఆయన ముఖాన్ని మించిన సాక్ష్యం ఏ తవ్వకంలోనూ బయటపడలేదు.

తాత పేరు మనవడికి పెట్టుకునే జాతికి ఈ భ్రమ కలగడమే విడ్డూరం. ఓటర్ల జాబితాలో ఒకే ఊరి ఇద్దరు సుబ్బారావులను వేరుచేయడానికి తండ్రి పేరు, వయస్సు, ఇంటి నంబరు అనే గళ్లు ఉంటాయి. జాబితా రాసే గుమాస్తా చూపే ఆ మాత్రం జాగ్రత్త చరిత్రోపన్యాసకులకు అక్కరలేకపోయింది. పైగా, పేరు వ్యవహారం కోసం పెట్టుకున్న గుర్తే తప్ప దాని వెనుక మారని వస్తువేదీ లేదని వాదించిన మనిషినే, కేవలం పేరు ఆధారంగా, శతాబ్దాలు మారినా మారని వస్తువును చేశారు.

నాగార్జునకొండ సంగతి ఇంకా రసవత్తరం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిగా వెలసిన ఆ చోట దొరికిన వారి కాలపు శాసనాల్లో చాంతిసిరి వంటి రాజవంశ స్త్రీల దానాలు కనబడతాయి గాని, మాధ్యమికాచార్యుడు కనబడడు. కొండ పేరు 1955లో శంకుస్థాపన జరిగిన జలాశయానికి సంక్రమించాక, ఆచార్యుడి నివాస ధ్రువపత్రం మీద ఆనకట్టంత ముద్ర పడింది.

ఆ పేరు నిజంగా ఉన్నది జగ్గయ్యపేటలో. అక్కడి స్తూపం దగ్గర దొరికిన సుమారు 6వ శతాబ్ది నాటి శాసనంలో చంద్రప్రభుడు తన గురువు జయప్రభాచార్యుడని, ఆయన గురువు నాగార్జునాచార్యుడని, ఓటర్ల జాబితాలో గళ్లు నింపినంత శ్రద్ధగా చెక్కించాడు. ఉపన్యాసకులు అందులో ఒక్క మాటే చదువుకుని, ఆచార్యుడు నాలుగువందల ఏళ్ల ప్రాయంలోనూ జగ్గయ్యపేటలో పాఠాలు చెప్పుకుంటున్నాడని ఖాతాలో ఇంకో పద్దు రాసుకున్నారు.