బోరు చేయించుకున్న బ్రిటిష్ ఇంజను

‘నేను’ అని చెప్పుకోవడానికి ఈ ఇంజనుకు కాస్త మొహమాటం. పిస్టన్లు కొత్తవి, బేరింగులు కొత్తవి, కామ్‌షాఫ్టూ కొత్తదే. పుట్టినప్పటి నుంచీ ఉన్నవి బ్లాకు, క్రాంకు, హెడ్డు. అందుకే ఆత్మకథ అయినా, ఎవరో మూడో మనిషి సంగతి చెప్పినట్టు చెబుతోంది.

పుట్టుక ఇంగ్లండులో, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బి-సిరీస్ వంశంలో. ఆబింగ్డన్‌లో తయారై 1962లో బజారుకొచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారు కోసం ఈ ఇంజన్లను 1798 సీసీకి పెంచారు. తొలి రోజుల్లో క్రాంకును మూడు మెయిన్ బేరింగులే మోసేవి. 1964 చివర్లో ఐదయ్యాయి. ఈ ఇంజను ఐదింటిదే. ఆ గొప్ప కొంచెం ఉంది. తెలుగువారికీ ఈ ఇంటిపేరు పరాయిది కాదు. పాత పెట్రోలు అంబాసిడర్ బానెట్ కింద గురగురలాడింది ఈ వంశంలోని 1489 సీసీ అన్నగారే.

వయసు మీద పడ్డాక సైలెన్సర్‌లోంచి నీలం పొగ మొదలైంది. హెడ్డు దించి యజమాని బోరు లోపల వేలు పెట్టి చూశాడు. రింగులు రాసుకుపోయిన చోటికి సరిగ్గా పైన అంచు గోటికి తగిలింది. ఇక రింగులు మార్చి సరిపెట్టే పని కాదు. అరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజుకు బోరు కొట్టించారు. 80.26 మిల్లీమీటర్ల బోరు 81.78 అయింది, ఇంజను 1868 సీసీకి పెరిగింది. క్రాంకు గ్రైండ్ చేయించి, ఫ్లైవీలుతో కలిపి బ్యాలెన్స్ చేయించారు.

గొడవంతా కామ్ దగ్గరే వచ్చింది. యజమానికి రేసు కామ్ మీద మోజు. మెషీన్ షాపు పెద్దాయన ససేమిరా అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. ఈ హెడ్డులో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ పోర్టులు రెండే: ఒకటీ రెండూ ఒకదాన్ని, మూడూ నాలుగూ మరొకదాన్ని పంచుకుంటాయి. ఫైరింగ్ వరుస 1-3-4-2. అంటే రెండో సిలిండరు పీల్చిన వెంటనే, అదే పోర్టులోంచి ఒకటోది పీలుస్తుంది. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్ వేస్తే ఒకదాని నోటి దగ్గరి కూడు మరొకటి లాక్కున్నట్టే. పైస్పీడులో ఉరుకుతుందేమో గానీ, సిగ్నల్ దగ్గర ఐడ్లింగు నిలవదు, కింది గేర్లలో పికప్ చస్తుంది. చివరికి మధ్యరకం కామ్‌తోనే రాజీ కుదిరింది. రెండు ఎస్‌యూ కార్బురేటర్లను మాత్రం వదులుకోలేదు. వాటి నీడిళ్లు మార్చి మిశ్రమం సరిచేశారు.

హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి ఉక్కు సీట్లు దిగాయి. బ్రిటన్‌లో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం ఆగింది. సీసం లేని పెట్రోలుతో గట్టిగా తోలితే పాత పోత ఇనుము సీట్లు అరిగి, వాల్వు లోపలికి కూరుకుపోతుంది, టాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది.

తొలిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడ్లింగులో ఉంచలేదు. కామ్, టాపెట్లు ఒకదానికొకటి సర్దుకోవడానికి ఇరవై నిమిషాలపాటు రెండు వేల ఆర్‌పీఎం పైనే తిప్పారు. ఆ ఇరవై నిమిషాలూ యజమాని కళ్లు ఆయిల్ ప్రెషర్ మీటరు మీదే!

ఇప్పుడు నాలుగో గేరులోనే మెట్టలెక్కుతోంది. పాత బండి ఇంజను విప్పించాలనుకునేవారికి ఈ ఇంజను చెప్పేదొకటే: కామ్ కేటలాగు తర్వాత తిరగేయండి, ముందు బోరూ క్రాంకూ కొలిపించండి.