అడుగున అద్దం

నేను పడవను. అండమాన్ దీవుల్లో జాలీ బాయ్ అనే చిన్న దీవి చుట్టూ ఉన్న లోతు తక్కువ నీళ్లలోనే నా బతుకంతా గడుస్తోంది. వేరే పడవలు ఎక్కినవాళ్లు ఎదురుగా వచ్చే ఒడ్డు కోసం చూస్తారు. నన్ను ఎక్కినవాళ్లు తల వంచి నా అడుగు వైపు చూస్తారు. అక్కడ చెక్క బదులు అద్దం ఉంది.

పడవ అడుగు కోసి అద్దం పెట్టడమంటే మాటలు కాదు. నీళ్లు లోపలికి రాకుండా ఆపడమే పడవ చేసే మొదటి పని. అక్కడే కంత పెట్టమంటే ఏ వడ్రంగికైనా చెయ్యి ఆడదు. నన్ను కట్టిన మేస్త్రి ముందు నా నడుమున నాలుగు పక్కలా గట్టి కలపతో చట్రం బిగించాడు. అందులో రబ్బరు పట్టీ వేసి, దాని మీద దళసరి అద్దం కూర్చి, అంచుల వెంట నీరు చొరబడని జిగురు నింపాడు. అంతటితో ఆగలేదు. అద్దం చుట్టూ బయటి నీటి మట్టం కన్నా ఎత్తుగా గోడ లేపాడు. ఏ రాయో తగిలి అద్దం పగిలినా నీళ్లు ఆ తొట్టెలోనే నిలబడతాయి తప్ప జనం కాళ్ల కిందికి రావు. ఆ మేస్త్రి జాగ్రత్తను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఇదంతా 2004 సునామీకి ముందటి మాట. అప్పటి నుంచి నన్ను నడిపే సరంగు ఒక్కడే. వాళ్ల అమ్మానాన్నలు శ్రీకాకుళం తీరం వదిలి, విశాఖలో ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. సరంగు పుట్టింది, పెరిగింది ఇక్కడే. పగలంతా హిందీలోనే మాట్లాడతాడు. తెలుగువాళ్లు ఎక్కారంటే మాత్రం తల్లి దగ్గర నేర్చిన మాట దానంతటదే బయటికొస్తుంది. రోజూ పొద్దున్నే నీళ్లలోకి దిగి, అద్దం బయటి వైపు పట్టిన నాచును గుడ్డతో తుడుస్తాడు. కొన్నాళ్లు తుడవకపోతే నేను మామూలు పడవనే.

జాలీ బాయ్ మహాత్మాగాంధీ జాతీయ సముద్ర ఉద్యానంలో ఒక దీవి. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానం వైశాల్యం 281 చదరపు కిలోమీటర్లకు పైమాటే. వచ్చేవాళ్లు వండూర్ జెట్టీలో పెద్ద బోటు ఎక్కుతారు. ఎక్కే ముందు అటవీ శాఖ వాళ్లు సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు తీయించేస్తారు. కొందరికి అది చిరాకు. నాకు మాత్రం ఆ తనిఖీ చేసే వాళ్ల మీద ఎంతో ప్రేమ. పెద్ద బోటు మడ అడవుల మధ్య నుంచి వచ్చి దీవికి కాస్త దూరంలో ఆగిపోతుంది. ఇక్కడ జెట్టీ లేదు, కట్టకూడదు కూడా. కింద పగడాలున్నాయి. అక్కడి నుంచి జనాన్ని నాలోకి దించుతారు. హోటల్ లేదు, దుకాణం లేదు, రాత్రి ఉండటానికి వీల్లేదు. వానాకాలంలో ఈ దీవిని మూసేసి, పక్కనున్న రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు. మనుషులు రాని ఆ నెలలు జాలీ బాయ్‌కి ఎంత అవసరమో దాని పక్కన ఉండే నాకు తెలుసు.

ఎక్కగానే చాలామంది మొహంలో కొంచెం నిరాశ కనిపిస్తుంది. "టీవీలో ఇంకా రంగులుంటాయే" అంటారు. వాళ్ల తప్పేం లేదు. నీళ్లు ముందు ఎరుపును మింగేస్తాయి, ఆ తర్వాత నారింజను. కొన్ని మీటర్ల లోతుకు చేరేసరికి మిగిలేవి నీలం, ఆకుపచ్చ, మట్టిరంగు. టీవీ వాళ్లు లైట్లు పట్టుకెళ్లి ఆ పోయిన రంగులను తిరిగి తెస్తారు. నా అద్దం చూపించేది అక్కడ నిజంగా ఉన్న వెలుగులో ఉన్నదాన్ని. దానికి కళ్లు అలవాటు పడటానికి కొంచెంసేపు పడుతుంది. ఆ కొంచెంసేపు ఆగినవాళ్లకు మొదట చేపలు, తర్వాత పగడాల్లో రకాలు, ఆ తర్వాత వాటి కదలిక తెలుస్తాయి. ముక్కున వేలేసుకుని అలా ఉండిపోయిన పిల్లలను చూశాను.

సరంగు ఇంజను ఆపితే నాకు ఇంకో లోకం తెరుచుకుంటుంది. మనుషులకు అంతగా వినపడదు కానీ నా ఒళ్లంతా చెక్కే కాబట్టి నీళ్లలో పుట్టిన ప్రతి చప్పుడూ నాకు తగులుతుంది. బతికున్న పగడాల దిబ్బ ఎప్పుడూ ఊరుకోదు. పేలాలు వేగుతున్నట్టు ఒకటే చిటపట. కొన్ని రకాల రొయ్యలు తమ పెద్ద కొండిని టక్కున మూసినప్పుడు వచ్చే చప్పుడది. దాని మధ్యలో అప్పుడప్పుడూ కరకరమని కొరికే చప్పుడు వస్తుంది. అది చిలుక చేప. నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగులు కలిసిన ఒళ్లు, పళ్లన్నీ కలిసిపోయి ముక్కుగా మారిన నోరు. పగడపు రాతి మీద పెరిగే నాచు కోసం రాతినే గీకేస్తుంది. లోపల నూరుకుని, తినగలిగింది తిని, మిగిలింది తెల్లటి ధూళిగా వెనక్కి వదిలేస్తుంది. ఇలాంటి దీవుల్లో మీ అరికాళ్లకు హాయిగా తగిలే ఆ తెల్లని మెత్తని ఇసుకలో చాలా భాగం ఇలా తయారైందే. బీచ్ చూడటానికి విమానమెక్కి వచ్చినవాళ్లకు ఆ బీచ్ తయారవుతున్న చోటు చూపించగలగడం నా బతుకులో నాకు నచ్చిన సంగతి.

ఎల్టీసీ మీద వచ్చే ఉద్యోగుల కుటుంబాల్లో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఒకసారి కరీంనగర్ వైపు నుంచి ఒక టీచరు కుటుంబం వచ్చింది. వాళ్లతో ఉన్న ముసలామె సముద్రం చూడటం అదే మొదలట. అద్దం అంచున కూర్చుని చాలాసేపు చూసి, వేలికున్న ఉంగరం సరంగు ముందు పెట్టింది.

"బిడ్డా, కుజదోషానికని పంతులు పెట్టిచ్చిన పగడం గిది. గింత ఎర్రగున్నది. మరి గవి గట్ల మట్టిరంగులున్నయేంది?"

"అది ఏరే జాతమ్మా. ఇటలీ అవతల సముద్రంలో లోతున దొరుకుద్దంట. అది సచ్చినాక సానబెడతారు. ఇయి పానంతో ఉన్నాయి."

"పానమా? రాళ్లు గాదా?"

"రాయి కాదమ్మా, జీవాలు. ఒక్కోటి గింజంత ఉంటాది. లచ్చలు కలిసి ఇల్లు కట్టుకుంటాయి. పగలు ముడుసుకుని ఉంటాయి, రాత్రికి సేతులు సాపి మేత పట్టుకుంటాయి."

ఆమె ఇంకేం అడగలేదు. అద్దం గోడకు ఆనించి ఉన్న కాళ్లను మెల్లగా పైకి తీసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, బల్ల మీద మఠం వేసుకుని కూర్చుంది. ఆమె పాదాలకూ ఆ పగడాలకూ మధ్య అద్దం ఉంది, నాలుగు బారల నీళ్లున్నాయి. అయినా తీసింది. మిగతా దారంతా ఆమె అలాగే కూర్చుంది.

సునామీ రోజు సంగతి నేను పెద్దగా చెప్పలేను. 2004 డిసెంబరు 26, ఆదివారం. తెల్లవారాక భూమి కంపించింది, ఆ తర్వాత సముద్రం లేచింది. నన్ను ఎత్తి ఎక్కడో చెట్ల మధ్య పడేసింది. సరంగు వెతుక్కుంటూ వచ్చి నా పక్కన కూలబడి ఏడ్చాడు. దక్షిణ అండమాన్ నేల ఆ రోజు దాదాపు ఒక మీటరు కుంగింది. వండూర్ ఒడ్డున ఒకప్పుడు పొడినేల మీదున్న చెట్లు ఉప్పునీళ్లు తగిలి ఎండిపోయి, మోడులై నిలబడ్డాయి. పర్యాటకులు వాటి ముందు ఫొటోలు దిగుతారు.

నన్ను అంతకన్నా కుంగదీసింది 2010 వేసవి. దానికి చప్పుడు లేదు, అల లేదు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు మామూలు కన్నా వేడెక్కి, ఆ వేడి వారాల తరబడి దిగలేదు. పగడాల ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండతో వంట చేసి పగడానికి తిండి పెట్టేది అదే, రంగిచ్చేదీ అదే. నీళ్లు ఓ డిగ్రీ ఎక్కువై అలాగే నిలిచిపోతే పగడం ఆ నాచును బయటికి వెళ్లగొట్టేస్తుంది. లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. నా అద్దం కింద జింక కొమ్ముల పగడాలు, మెదడు పగడాలు, గుండ్రాళ్ల పగడాలు ఒకదాని వెంట ఒకటి తెల్లబడుతూ పోయాయి. ఎక్కినవాళ్లు "అబ్బ, ఎంత తెల్లగా ఉన్నాయో!" అని మురిసిపోయారు. ఆ మాట విన్నప్పుడల్లా సరంగు మొహం తిప్పుకుని ఇంజను వైపు చూసేవాడు. తెల్లబడిన పగడం వెంటనే చావదు, ఆకలితో కొన్ని వారాలు కాచుకుంటుంది. వానలు పడి నీళ్లు చల్లారితే నాచు తిరిగొస్తుంది. ఆ ఏడు కొన్నింటికి తిరిగొచ్చింది, చాలావాటికి రాలేదు. రానివాటి మీద పిచ్చి నాచు పేరుకుని, కొమ్మలు విరిగి దిబ్బలు దిబ్బలుగా రాలిపోయాయి. ఆ చోట చిటపట కూడా సన్నగిల్లింది.

2016లో మళ్లీ వేడి వచ్చింది. 2024లో లక్షద్వీప్ పగడాలకూ అదే గతి పట్టింది. సముద్రం వేడెక్కడం నేనో నా సరంగో ఆపగలిగేది కాదు. కానీ జ్వరంతో ఉన్నవాణ్ని తొక్కకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. నా కోపమంతా అక్కడే. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక పడవ తాడు కట్టుకోవడానికి బోయా ఉన్నా పట్టించుకోకుండా పగడాల మీదే లంగరు వేసింది. గాలికి లంగరు జారి, జారినంత మేరా గీసుకుంటూ పోయింది. గుండ్రాయి పగడం ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరు అటూ ఇటూ. ఆ లంగరు కింద పోయినవి నన్ను కట్టిన మేస్త్రి పుట్టకముందు నుంచీ పెరుగుతున్నవి.

ఒడ్డున ఏరుకుని సంచిలో వేసుకునే పగడపు ముక్కల గురించి కూడా చెప్పాలి. చచ్చినదే కదా అంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది కూడా నేరం. విమానాశ్రయంలో సంచులు విప్పించి తీసేసుకుంటారు. చట్టం సంగతి అలా ఉంచితే, చచ్చిన ముక్క మీదే కదా కొత్త పగడపు పిల్ల వచ్చి అంటుకునేది. ఖాళీ గుల్లలోనే కదా సన్యాసి పీత కాపురం పెట్టేది. ఏరుకోవడానికి గుల్లలు మిగలని ఒడ్డున సీసా మూతలో దూరి నడుస్తున్న పీతను సరంగు ఒకసారి చేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. ఆ పూట నా మీదున్న ఒక అమ్మాయి తన రుమాల్లో కట్టుకున్న గుల్లలన్నీ విప్పి, దీవికి వెనక్కి తీసుకెళ్లమని పట్టుబట్టింది. సరంగు నన్ను వెనక్కి తిప్పాడు.

ఆ లంగరు గీత ఉన్న చోట ఇప్పుడు కొత్త కొమ్మలు వచ్చాయి, చిటికెన వేలంత. ప్రతిసారీ సరంగు అక్కడ ఇంజను ఆపుతాడు. ఈ మే నెలలో దీవి మూశాక నన్ను ఒడ్డుకు లాగి అద్దం మారుస్తారట. గీతలు ఎక్కువయ్యాయి. సీజను మొదలయ్యేసరికి కొత్త అద్దంతో నీళ్లలో ఉంటాను. వస్తే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు రండి, అప్పుడే వెలుగు నిలువుగా అడుగుకు దిగుతుంది. ఫోను కాసేపు పక్కన పెట్టండి. కాస్త ముందుకు వంగి, మీ నీడే అద్దం మీద పడేలా కూర్చోండి. పైనున్న ఆకాశం మెరుపు అద్దంలోంచి తప్పుకుంటుంది, కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.