ఒకే మోడల్, రెండు తెలుపులు

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ధర. పక్కపక్కన పెడితే ఒక ఫోన్‌లో తెల్ల కాగితం తెల్లగానే ఉంటుంది, రెండోదాంట్లో పసుపు నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటుంది. బొంబాయి కామాఠీపురాలో, వరస గదులున్న మా చాల్ గ్యాలరీలో ఈ పంచాయితీ తరచూ నా ముందుకొస్తుంది. అన్నదమ్ములిద్దరు ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న ఫోన్లు పట్టుకొచ్చి, "కాకా, వీటిల ఏది డూప్లికేట్?" అని అడుగుతారు. రెండూ అసలువే. నాకు కోపం వచ్చేది అక్కడే. డూప్లికేటైతే దుకాణందారును నిలదీయొచ్చు. రెండూ అసలువైనప్పుడు ఎవర్ని అడగాలి?

మా రోజుల్లో అడగడానికి మనిషి ఉండేవాడు. లామింగ్టన్ రోడ్డులో టీవీ మెకానిక్‌గా బతికినవాణ్ని కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను.

నైజాం రాజ్యం నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చిన కామాఠీల పేరు మీద వెలిసిన పేట మాది. తర్వాత మిల్లుల్లో మగ్గం పనికి వచ్చినవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, అందరూ తెలుగువాళ్లే. బొంబాయి దూరదర్శన్ 1972 అక్టోబర్ 2న మొదలైంది. ఒక ఖోలీలో, అంటే ఒక గదిలో, టీవీ ఉంటే గ్యాలరీ మొత్తానికి టీవీ ఉన్నట్టే. తలుపు తీసి పెట్టేవాళ్లు, పిల్లలు గడప దాకా కూర్చునేవాళ్లు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ అంటే మావాళ్లకు ప్రత్యేకమైన అభిమానం. మన ఊరి పెట్టె అనేవాళ్లు.

అప్పటి సెట్లన్నీ ఒకేలా ఉండేవని నేను అనను. ఇప్పటికంటే ఎక్కువ తేడాలుండేవి. ఒక సెట్లో పిక్చర్ ట్యూబ్ బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌ది, అదే బ్రాండు ఇంకో సెట్లో శామ్‌టెల్‌ది. రాత్రి గల్లీ అంతా ఫ్యాన్లు నడిస్తే వోల్టేజీ పడిపోయేది, బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది. అయితే వెనక డబ్బా తీస్తే ట్యూబు మెడ దగ్గర చీటీ ఉండేది. ఎవరు చేశారో చదువుకోవచ్చు. మంచిదైనా చెడ్డదైనా దానికొక పేరుండేది.

1982లో రంగుల టీవీ వచ్చాక మా పని అసలైన పని అయింది. సర్వీస్ స్విచ్ నొక్కితే బొమ్మంతా ఒక్క అడ్డగీతగా ముడుచుకునేది. ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు గన్నులకూ స్క్రూడ్రైవర్‌తో తిప్పే మూడు ప్రీసెట్లు. ఒక్కోదాన్నీ గీత కనీకనపడనట్టు వెలిగేదాకా తిప్పాలి. స్విచ్ వదిలి, ప్రసారానికి ముందు వచ్చే ప్యాటర్న్ పెట్టుకుని, చీకటి భాగంలోనూ వెలుగు భాగంలోనూ ఏ రంగూ అంటని తెలుపు, బూడిద వచ్చేదాకా మళ్లీ మళ్లీ సరిచేయాలి. పక్కనే స్పీకరు పెట్టారంటే దాని అయస్కాంతానికి తెర మూలన ఊదా మచ్చ పడేది. డీగాసింగ్ కాయిల్ తిప్పి పోగొట్టేవాళ్లం. ఇంత చేశాక ఇంటావిడ చూసి, "తమ్మీ, మొఖాలు ఎర్రగ కొడుతున్నయ్" అంటే మళ్లీ స్క్రూడ్రైవర్ తీయాల్సిందే. ఆమె ఒప్పుకుంటేనే నా కూలి. ఆ తెలుపు ఆమె ఇంట్లో, ఆమె కళ్ల ముందు కుదిరిన తెలుపు.

ఇప్పటి తెర చెడ్డదని నా వాదన కాదు. ఓఎల్‌ఈడీలో వచ్చే నలుపు మా ట్యూబులో కలలో కూడా లేదు. ప్రతి చుక్కా తనంతట తను వెలుగుతుంది, ఆరితే పూర్తిగా ఆరుతుంది. కానీ ఆ చుక్కలు ఎలా పుడతాయో చూడండి. వెలిగే పదార్థాన్ని శూన్యంలో ఆవిరి చేసి, సన్నని లోహపు జల్లెడ గుండా అద్దం మీద పొరలుగా దింపుతారు. పొర మందం నానోమీటర్లలో ఉంటుంది. అది కొద్దిగా అటూఇటూ అయితే రంగు మారుతుంది. ఒక్కో చుక్కకు కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్లు కూడా అన్నీ ఒకేలా రావు. ఫ్యాక్టరీలో కొలిచి చిప్పులో దిద్దుబాటు రాసి పెడతారు. అది చాలనిచోట, వెలుగు బాగా తగ్గించి బూడిద రంగు తెర పెట్టండి, మరకలు మరకలుగా కనిపిస్తుంది. కరెంటు తక్కువైనప్పుడే ఆ చిన్న తేడా పెద్దదవుతుంది.

ఎల్‌సీడీ ఫోన్లకు ఇంకో బాధ. వాటికి వెనక దీపం కావాలి. నీలం ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూసి తెల్లదీపం చేస్తారు. పూత కాస్త ఎక్కువైతే తెలుపు పసుపు వైపు, తక్కువైతే నీలం వైపు మొగ్గుతుంది. అందుకే తయారీదారులు దీపాలను రంగును బట్టి వేర్వేరు గంపలకు ఏరుతారు. ఖరీదైన ఫోన్ చేసేవాడు ఇరుకైన గంప కొంటాడు. చవకలో చేసేవాడు వెడల్పాటిది కొంటాడు. మోడల్‌కూ మోడల్‌కూ తేడాలో కొంత ఈ గంపలోనే ఉంది. ఇంకొంత ఫ్యాక్టరీలో వెచ్చించే సమయంలో ఉంది. తెలుపును 6500 కెల్విన్ల దగ్గరికి తేవడానికి ప్రతి ఫోన్‌నూ విడిగా కొలిచి దిద్దేవాళ్లున్నారు. మోడల్ మొత్తానికి ఒకటే దిద్దుబాటు వేసి పంపేవాళ్లూ ఉన్నారు.

2017లో గూగుల్ పిక్సెల్ 2 అని రెండు ఫోన్లు తెచ్చింది. చిన్నదానికి శామ్‌సంగ్ తెర, పెద్దదైన ఎక్స్ఎల్‌కు ఎల్జీ తెర. పెద్దది పక్క నుంచి చూస్తే నీలంగా ఉందని, బొమ్మల ముద్రలు తెర మీద మిగిలిపోతున్నాయని గొడవ లేచింది. కంపెనీ వారంటీ రెండేళ్లకు పెంచింది. అక్కడ రెండు సైజులు కాబట్టి తేడా బయటపడింది. ఒకే మోడల్‌కు ఇద్దరు ముగ్గురి దగ్గర ప్యానెళ్లు కొని కలిపి అమ్మితే బయటపడేది ఎలా? అలా కొనడం తప్పు కాదు. ఒకడి మీదే ఆధారపడితే లక్షల ఫోన్లు సమయానికి రావు. చెప్పకపోవడమే తప్పు.

పిల్లలకూ ఒకమాట. పక్కపక్కన పెట్టి పోల్చేముందు రెండింట్లోనూ నైట్ మోడ్, కళ్ల రక్షణ, ఆటో బ్రైట్‌నెస్, వివిడ్ అన్నీ ఒకేలా పెట్టండి. సగం పంచాయితీలు అక్కడే తీరతాయి. దుకాణంలో రంగులు అదరగొట్టడానికే చాలా ఫోన్లను వివిడ్ పెట్టి పంపుతారు. అమ్మ చీర ఎరుపు అంత ఎరుపు కాదని ఇంటికెళ్లాక కూడా ఎవరూ గమనించడం లేదు, నాకు అదీ బాధే.

ఇక తెర పగిలిందా, గ్రాంట్ రోడ్డు గల్లీల్లో ఫోల్డర్, అంటే తెర మొత్తం, మార్చే కుర్రాళ్ల దగ్గరికి వెళ్తాం. ఒరిజినల్, కాపీ, ఎల్‌సీడీతో చేసిన ఇన్‌సెల్ అని మూడు ధరలు చెబుతారు. ఓఎల్‌ఈడీ ఉన్న ఫోన్‌కు చవకలో ఎల్‌సీడీ బిగిస్తే రాత్రి నల్లటి తెర బూడిదగా వెలుగుతుంది, ఫోన్ కాస్త లావెక్కుతుంది. ఆ కుర్రాళ్లను నేను తిట్టను. వాళ్ల చేతిలో ప్రీసెట్ లేదు. అసలు ఫోన్‌కు ఫ్యాక్టరీలో రాసిన దిద్దుబాటు కొత్త తెరకు సరిపోదు, మళ్లీ రాసే సాధనం వాళ్లకు చాలా కంపెనీలు ఇవ్వవు. రిపేరు హక్కు కోసం కేంద్రం 2022లో కమిటీ వేసింది. ఆ హక్కులో ఈ సాధనం కూడా ఉండాలి.

పెట్టె మీద కెమెరా మెగాపిక్సెళ్లు రాస్తారు, బ్యాటరీ రాస్తారు. ప్యానెల్ ఎవరిదో రాయరు, ఆ ఫోన్ తెలుపు ఎన్ని కెల్విన్లకు కుదిరిందో రాయరు. కొలిచే కంపెనీల దగ్గర ఆ అంకె ఉండనే ఉంటుంది, అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది వచ్చేదాకా కొనేవాళ్లు చేయాల్సింది ఒకటుంది. ఇంటికి రాగానే పూర్తి వెలుగులో తెల్ల తెర, చీకట్లో తక్కువ వెలుగులో బూడిద తెర, రెండూ చూడండి. తేడా ఉంటే మార్పిడి గడువు లోపలే తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర "ఇది మామూలే" అంటే, ఆ మాట కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మనండి.